గడిలో పట్టని కోనసీమ

కోనసీమలో పిల్లల వయసు చెప్పాలంటే చాలామందికి తుఫానే గుర్తు. "తుఫానుకి మా పెద్దోడు చంకలో ఉన్నాడు" అంటే ఏ సంవత్సరమని అడగక్కర్లేదు, 1996 నవంబరు 6. వెయ్యి మందికి పైగా పోయారు, కొబ్బరి తోటలు నేలమట్టమయ్యాయి. అంతకుముందు 1839లో కోరంగి రేవుని ఉప్పెన ఊడ్చేసింది. అప్పటికి 'సైక్లోన్' అనే మాటే లేదు. బంగాళాఖాతం తుఫానుల గురించి ఓడల లాగ్‌బుక్కులు తిరగేసిన హెన్రీ పిడింగ్టన్ 1840ల్లో దాన్ని పుట్టించాడు.

ఇంతటివి ఎన్నేళ్లకోసారి వస్తాయి? రికార్డుల్లో ఉన్నవి వేళ్ల మీద లెక్కపెట్టేన్నే. వాటితో లెక్క తేలదు. అందుకే వాతావరణాన్ని కంప్యూటర్లో నడిపించి, జరగని వందల సంవత్సరాలని కూడా చూడటం మొదలైంది. రేపు తుఫాను ఎక్కడ తీరం దాటుతుందో చెప్పడం దీని పని కాదు. అలాంటిది వచ్చే అవకాశం ఎంత, వేడి పెరిగితే అది ఎంత మారుతుంది అన్నదే దీని పని.

1967లో వాతావరణ శాస్త్రవేత్తలు స్యుకురో మనాబే, రిచర్డ్ వెదరాల్డ్ కంప్యూటర్‌తో వేసిన ఇలాంటి లెక్కలో ఉన్నది ఒకే ఒక్క గాలి స్తంభం. సముద్రాలూ లేవు, తీరాలూ లేవు. అయినా కార్బన్ డయాక్సైడ్ రెట్టింపైతే భూమి రెండు డిగ్రీలకి పైనే వేడెక్కుతుందని చెప్పగలిగింది. (మనాబేకి నోబెల్ వచ్చింది 2021లో!) తర్వాత భూమినంతా గడులుగా కోశారు. కానీ గడి వెడల్పు 200 కిలోమీటర్లు ఉంటే రాజమండ్రి, కాకినాడ, భీమవరం, వాటి ముందున్న సముద్రం అన్నీ అందులోనే సర్దుకుంటాయి. మొత్తానికి ఒకే గాలి, ఒకే వాన. తుఫాను కన్ను కొన్ని పదుల కిలోమీటర్లే కాబట్టి అలాంటి గడుల్లో పెను తుఫాను కూడా మామూలు వాయుగుండంలా కనిపిస్తుంది.

1989 ప్రాంతంలో ఫిలిప్పో జార్జి, రాబర్ట్ డికిన్సన్ లాంటి శాస్త్రవేత్తలు దీనికి దారి చూపారు. భూమంతటికీ లెక్క కట్టే పెద్ద కంప్యూటర్ మోడల్ చెప్పిన గాలుల్ని అంచుల్లో పెట్టుకుని, లోపల ఒక ప్రాంతాన్ని మాత్రం చిన్న గడులతో నడిపించారు. ఇలాంటి ప్రాంతీయ లెక్కల కోసం 2009లో మొదలైన అంతర్జాతీయ ప్రాజెక్టు కార్డెక్స్ దక్షిణాసియాకి కూడా 50 కిలోమీటర్ల గడుల లెక్కలు తెచ్చింది. రోజువారీ అంచనాలకైతే మన వాతావరణ శాఖ 2025లో 6 కిలోమీటర్ల గడికి వచ్చింది. అంత సన్నగా వందేళ్లు నడపాలంటే మాత్రం కంప్యూటర్లకి తలకు మించిన పని.

నన్నడిగితే డెల్టాకి ఆ 6 కిలోమీటర్ల గడి కూడా పెద్దదే. ఇక్కడ గాలి కంటే నీళ్లు ఎటు పోతాయన్నదే అసలు టెన్షన్. పైన ధవళేశ్వరం నుంచి వరద, కింద నది సముద్రంలో కలిసే మొగ దగ్గర సముద్రం పోటు. ఆ రెండూ కలిస్తే డ్రెయిన్ నీరు వెనక్కి తన్ని పొలం మీద పడుతుంది. 2011లో రైతులు క్రాప్ హాలిడే (పంట వేయకుండా మానేయడం) ప్రకటించినప్పుడు గిట్టుబాటు ధరతో పాటు ఈ ముంపూ ఫిర్యాదుల్లో ఉంది. కొన్ని మీటర్ల వెడల్పుండే డ్రెయిన్ ఏ గడికీ ఆనదు. అందుకే వాతావరణ మోడల్ గాలిని ఉప్పెన మోడల్‌కిచ్చి, అది చెప్పిన నీటిమట్టాన్ని గట్టు ఎత్తుతో పోల్చి చూడాలి. ఆ ఎత్తు నిరుటిది కాకుండా ఇవాళ్టిది కావాలి. డ్రెయిన్లో గుర్రపుడెక్క తీశారో లేదో కూడా ఎవరో ఒకరు వెళ్లి చూసి రావాలి.