ఎక్స్‌పోసితో: ఒక స్పానిష్ ఇంటిపేరుపై అపోహలు - వాస్తవాలు

స్పెయిన్‌లోని పాత జ్ఞానస్నాన పత్రాలను, వంశ వివరాలను చదివి అనువదించే నా వృత్తిలో, అత్యధికంగా అపార్థానికి గురైన ఇంటిపేరు ఎక్స్‌పోసితో.

అపోహ: ఈ పేరుకు ‘ప్రదర్శనకు పెట్టినది’ అని అర్థం.
వాస్తవం: దీని మూలమైన ‘ఎక్స్‌పోసితుస్’ అనే లాటిన్ మాటకు ‘బయట ఉంచబడినవాడు’ అని అర్థం. చర్చి గుమ్మంలోనో, అనాథ శిశువుల ఆశ్రమం వద్దనో విడిచిపెట్టిన బిడ్డను అలా పిలిచేవారు. చాలా ఆశ్రమాల గోడలో ‘తోర్నో’ అనే తిరిగే చెక్క తొట్టె ఉండేది. బిడ్డను అందులో పడుకోబెట్టి, తిప్పి, గంట మోగిస్తే, తెచ్చినవారి ముఖం చూడకుండానే లోపలివారు అందుకునేవారు.

అపోహ: వీరందరూ వివాహేతర సంతానమే.
వాస్తవం: దారిద్ర్యం వల్లనో, తల్లి మరణించడం వల్లనో వివాహితుల బిడ్డలు కూడా అక్కడికి చేరారు. కొందరు బిడ్డ పేరు, జ్ఞానస్నానం జరిగిందో లేదో తెలిపే చీటీని, మళ్లీ వస్తే ఆనవాలుగా పనికివచ్చే రిబ్బను ముక్కనో, పతకాన్నో బట్టల్లో ఉంచేవారు. అటువంటి చీటీ నకలు ఎదురైన రోజున నా అనువాదం నెమ్మదిగానే సాగుతుంది. ఈ బిడ్డలను పౌర వ్యవహారాల్లో సక్రమ సంతానంగానే పరిగణించాలని, వారిని అక్రమ సంతానమని దూషించినవారు శిక్షార్హులని నాలుగవ కార్లోస్ రాజు 1794లోనే శాసించాడు. లోకం నోరు మాత్రం అంత త్వరగా మూతపడలేదు.

అపోహ: ఈ ఇంటిపేరు గలవారందరిదీ ఒకే వంశం.
వాస్తవం: ఇది వేర్వేరు ఊళ్లలో, వేర్వేరు కాలాల్లో, పరస్పరం సంబంధం లేని బిడ్డలకు పెట్టిన పేరు. ఇటలీలోని నేపుల్స్‌లో విస్తారంగా కనిపించే ‘ఎస్పోసితో’ కూడా అదే లాటిన్ మాట నుంచి వచ్చినా, పేర్లు కలిసినంత మాత్రాన రక్తసంబంధం ఉందనలేము. పైగా, పాత పత్రాల్లో ఈ మాట కొన్నిచోట్ల ఇంటిపేరు కాదు, బిడ్డ స్థితిని తెలిపే వర్ణన మాత్రమే.

దొరికిన బిడ్డలందరికీ ఇదే పేరు పెట్టారనడమూ సరికాదు. ‘దె లా క్రూస్’, ‘దె దియోస్’ వంటివీ పెట్టారు, అయితే ఆ పేర్లు గలవారంతా అనాథల వారసులు కారు.

1957 నాటి పౌర నమోదు చట్టం ఎక్స్‌పోసితో వంటి పేర్లను మార్చుకునే వెసులుబాటును ప్రత్యేకంగా కల్పించింది. అందువల్ల మీరు వెతికే వ్యక్తి ఇంటిపేరు మధ్యలో మారిపోయి ఉండవచ్చు. ఆ జాడ తెగిన చోట ఇంటిపేరును పట్టుకుని వెతకడం కంటే, ఆశ్రమపు ప్రవేశ పుస్తకంలో బిడ్డ చేరిన తేదీని వెతకడం మేలు.