జనపనార ఊరు ఆటల ఊరైంది

ప్రియమైన పిల్లలకు,

పోయిన ఆదివారం పెద్దవాడు ఫోన్లో అడిగిన మాట నా మనసులోంచి పోవడం లేదు. "తాతయ్యా, నేను కంప్యూటర్ ఆటలు తయారుచేసే చదువు చదువుతానంటే నాన్న ఒప్పుకోవట్లేదు. అదీ ఒక చదువేనా అంటున్నారు" అన్నావు. అప్పుడు నాకు సరైన జవాబు తోచలేదు. ఆలోచిస్తూ ఉంటే మా జనపనార మిల్లు గుర్తొచ్చింది. అందుకే ఈ ఉత్తరం. చెల్లికి కూడా చదివి వినిపించు.

నేను మిల్లులో బాచింగ్ సెక్షన్లో పనిచేశానని మీకు తెలుసు. ఎండు నార పెళుసుగా ఉంటుంది. నూనె, నీళ్లు కలిపి పట్టించి మెత్తబరిస్తేనే దారం వస్తుంది. మా దగ్గరి పాత మగ్గాల మీద 'డండీ' అని ఇనుములోనే పోతపోసిన అక్షరాలు ఉండేవి. అది కంపెనీ పేరేమో అనుకునేవాణ్ని. స్కాట్లండ్ తూర్పు తీరంలో, టే నది ఒడ్డున ఉన్న ఊరని చాలా ఏళ్ల తర్వాత తెలిసింది.

ఆ ఊరికి నార మన దేశం నుంచే వెళ్లేది. బెంగాల్లో పండిన జనపనార కలకత్తా రేవులో ఓడలెక్కేది. డండీ వాళ్లకి తిమింగలాల వేట కూడా ఉండేది కాబట్టి ఆ తిమింగలం నూనెతోనే నారని మెత్తబరిచేవారు. ఒక కాలంలో ఆ ఊరి పనివాళ్లలో దాదాపు సగం మంది జనపనార మీదే బతికారు. వాళ్లలో ఆడవాళ్లే ఎక్కువ. తర్వాత కలకత్తా చుట్టూ మిల్లులు వెలిశాయి. నార పండే చోటే, తక్కువ కూలితో గోనె సంచులు తయారవుతుంటే డండీ మిల్లులు ఎలా నిలుస్తాయి? ఒక్కొక్కటే మూతపడ్డాయి.

అదే ఊళ్లో టైమెక్స్ అనే గడియారాల ఫ్యాక్టరీ ఉండేది. 1980ల మొదట్లో అక్కడ సింక్లెయిర్ కంపెనీ కోసం జడ్ఎక్స్ స్పెక్ట్రమ్ అనే చిన్న కంప్యూటర్ తయారుచేశారు. రబ్బరు మీటలు, టీవీకి తగిలించుకునే వైరు, ప్రోగ్రాములు ఎక్కించడానికి మామూలు క్యాసెట్ టేపు. ఊళ్లోనే తయారైన యంత్రం కదా, అక్కడి కుర్రాళ్లకి బాగానే చేతికందింది. సాయంత్రాలు ఒక టెక్నికల్ కాలేజీలో కంప్యూటర్ క్లబ్బు పెట్టుకుని, ఎవరు ఏం రాశారో ఒకరికొకరు చూపించుకునేవారు. వాళ్లలో డేవిడ్ జోన్స్ అనే అతను టైమెక్స్‌లోనే అప్రెంటిస్‌గా చేసినవాడు. అక్కడ ఉద్యోగం పోయాక వచ్చిన డబ్బుతో ఇంకాస్త మంచి కంప్యూటర్ కొనుక్కుని, ఊళ్లోని టెక్నాలజీ కాలేజీలో చేరాడు. చదువుకుంటూనే క్లబ్బు స్నేహితులతో కలిసి డీఎంఏ డిజైన్ అనే కంపెనీ మొదలుపెట్టాడు.

వాళ్లకి పేరు తెచ్చిన ఆట లెమ్మింగ్స్, 1991లో వచ్చింది. ఆకుపచ్చ జుట్టున్న బుల్లి జీవులు ముందూ వెనకా చూడకుండా వరసగా నడుచుకుంటూ పోతుంటాయి. గోతిలో పడకుండా వాటిని మనం కాపాడాలి. అది ఎలా పుట్టిందో తెలిస్తే చెల్లికి సరదాగా ఉంటుంది. మైక్ డెయిలీ అనే కుర్రాడు అడ్డం ఎనిమిది, నిలువు ఎనిమిది చుక్కల గడిలో నడిచే మనిషి బొమ్మ గీశాడు. మీ నానమ్మ వేసే ఎనిమిది చుక్కల ముగ్గంత అన్నమాట. అంత చిన్న చోట కాళ్లూ చేతులూ ఆడిస్తే, పక్కవాళ్లు అది చూసి ఇందులో ఒక ఆట ఉందన్నారు. 1997లో అదే కంపెనీ గ్రాండ్ తెఫ్ట్ ఆటో చేసింది. అది పెద్దల ఆట, మీరిప్పుడు ఆడేది కాదు. కానీ ప్రపంచమంతా ఆడింది.

నన్ను ఎక్కువగా ఆలోచింపజేసింది ఆ తర్వాతి సంగతి. జోన్స్ చదివిన కాలేజీ 1994లో అబర్టే విశ్వవిద్యాలయం అయింది. ఊళ్లో పుట్టిన పనిని చూసి, 1997లో కంప్యూటర్ ఆటల సాంకేతికతకే ఒక డిగ్రీ పెట్టింది. ప్రపంచంలో అలాంటి డిగ్రీ అదే మొదటిదని చెబుతారు. అప్పుడు అక్కడి తల్లిదండ్రులు కూడా మీ నాన్నలాగే 'ఇదీ ఒక చదువేనా' అని అనే ఉంటారు, నాకు సందేహం లేదు.

అక్కడ చదువు ఎలా సాగుతుందంటే, మూడో ఏడు పిల్లలు జట్లుగా కూర్చుంటారు. లెక్కలు వచ్చినవాడు, బొమ్మలు గీసేది, శబ్దాలు కూర్చేవాడు అందరూ ఒకే బల్ల దగ్గర. బయటి కంపెనీలు 'మాకు ఇలాంటిది కావాలి' అని పని ఇస్తాయి, మధ్యలో వచ్చి చూసి తప్పులు చెబుతాయి. 'డేర్ టు బి డిజిటల్' అని చాలా ఏళ్లు ఒక పోటీ కూడా నడిపారు. ఐదుగురేసి విద్యార్థులు వేసవంతా ఒక ఆట తయారుచేయాలి, కంపెనీల్లో పనిచేసేవాళ్లు సలహాలివ్వాలి, చివర్లో ఊరి జనం వచ్చి ఆ ఆటలు ఆడి చూడాలి. మార్కులు వేసే మాస్టారొక్కరే కాదు, ఆటలో విసుగొచ్చి లేచిపోయే ఏడేళ్ల పిల్లవాడు కూడా అక్కడ పరీక్షాధికారే! నాకు ఇది భలే నచ్చింది.

2010లో డండీకి పెద్ద దెబ్బ తగిలింది. జోన్స్ తర్వాత పెట్టిన రియల్‌టైమ్ వరల్డ్స్ అనే కంపెనీ కుప్పకూలి, వందమందికి పైగా ఒక్కసారిగా వీధిన పడ్డారు. కానీ వాళ్లందరూ ఊరు వదిలిపోలేదు. ఇద్దరు ముగ్గురు కలిసి చిన్న చిన్న కంపెనీలు పెట్టుకున్నారు. ఆట పూర్తయ్యేదాకా అక్కర్లేదు, నమూనా చేసి చూపించడానికి డబ్బు ఇస్తామని అబర్టే ప్రభుత్వ సాయంతో ఒక నిధి పెట్టింది. మైన్‌క్రాఫ్ట్‌ని టీవీకి తగిలించి ఆడే గేమ్ యంత్రాల మీదకి తెచ్చిన 4జే స్టూడియోస్‌కి కూడా డండీలో ఆఫీసుంది. పెద్దవాడా, నువ్వు ఆడేది అదేగా?

అక్కడ అంతా బాగుపడిందని నేను అనను. జనపనార వేలమందికి కూడు పెట్టింది. ఆటల కంపెనీల ఉద్యోగాలు వందల్లో లెక్క. మిల్లులో చేతులరిగిన ఆడవాళ్లకి అవి రాలేదు, వాళ్ల మనవల్లో కొందరికి వచ్చాయి. ఈ తేడా మర్చిపోకూడదు.

మా మిల్లు మూతపడ్డ రోజు సైరన్ మోగలేదు. గేటుకి కాగితం అంటించి ఉంది. నాతో పనిచేసినవాళ్లు కొందరు అపార్ట్‌మెంట్లకి వాచ్‌మెన్లయ్యారు, కొందరు తాపీ పనికి వెళ్లారు. మాకు పది కిలోమీటర్లలోపే ఒక ఇంజనీరింగ్ కాలేజీ ఉండేది. అన్నేళ్లలో ఒక్క విద్యార్థి మా షెడ్డులోకి వచ్చి 'ఈ నారతో సంచి కాక ఇంకేం చేయొచ్చు' అని అడగలేదు. మేమూ ఆ కాలేజీ గేటు దాటి లోపలికి వెళ్లలేదు. వెళ్లొచ్చని మాకెవరికీ తట్టనే లేదు. డండీ గురించి చదువుతున్నంతసేపూ నాకు ఇదే గుర్తొచ్చి బాధేసింది.

అందుకని పెద్దవాడా, కాలేజీ ఎంచుకునేటప్పుడు బిల్డింగూ బ్రోచరూ చూడకు. అక్కడ మూడో ఏడు చదువుతున్న పిల్లల్ని కలిసి, 'మీరు చేసిన పని కాలేజీ బయటివాళ్లు ఎవరైనా చూశారా? చూసి ఏమన్నారు?' అని అడుగు. పాఠం చెప్పేవాళ్లలో ఒకరైనా ఆ పని చేసి బతికినవాళ్లు ఉన్నారో లేదో కనుక్కో. జవాబు బాగుంటే మీ నాన్నతో నేను మాట్లాడతాను.

సంక్రాంతికి వస్తున్నారు కదా. నువ్వూ చెల్లీ కలిసి చేస్తున్న ఆట ఎంతవరకు వస్తే అంతవరకే తీసుకురండి. ముందు నేను ఆడతాను, తర్వాత మీ నాన్న చేత ఆడిస్తాను.

ఆశీస్సులతో,
మీ తాతయ్య