ఎర్ర గోడ, నీలి నీడ

అమెరికాలోని ఆరిజోనా రాష్ట్రంలో కొలరాడో నది కోసిన గ్రాండ్ కాన్యన్ దక్షిణపు అంచున హోపీ పాయింట్ అనే చోటుంది. సాయంత్రం అక్కడ గుమిగూడే సందర్శకుల కెమెరాలు చాలావరకు పడమటికే, దిగిపోతున్న సూర్యుడి వైపే తిరిగి ఉంటాయి. నిజానికి ఆ వేళ ఫోటోకు పనికివచ్చే వెలుగు వాళ్ల వీపు వెనుక పడుతుంది. సూర్యుడికి ఎదురు నిలబడి తీస్తే ఆకాశం తెల్లగా పాలిపోయి లోయ నల్లని ముద్దగా మిగులుతుంది. తూర్పుకో ఉత్తరానికో తిరిగి, ఎండ పక్కనుంచి గోడలను తాకేలా చూసుకుంటే ప్రతి రాతిపొర అంచు కిందా సన్నని నీడ గీత ఏర్పడి లోతు కళ్లకు కడుతుంది.

ఆ ఎండ ఎర్రబడడానికి కారణం గాలి. నడినెత్తిన ఉన్నప్పటితో పోలిస్తే, దిగంతాన్ని చేరిన సూర్యుడి కాంతి దాదాపు 38 రెట్ల గాలిని దాటి రావాలి. గాలి అణువులు కాంతిని చెదరగొట్టే తీరు తరంగదైర్ఘ్యపు నాలుగో ఘాతానికి విలోమానుపాతంలో ఉంటుంది కాబట్టి, 450 నానోమీటర్ల నీలికాంతి 650 నానోమీటర్ల ఎరుపు కంటే నాలుగు రెట్లకు పైగా చెదురుతుంది. అలా చెదిరిన నీలమే ఆకాశమై, ఎండ అందని రాళ్ల మీద పడుతుంది. అంటే సాయంత్రపు లోయకు దీపాలు రెండు: గోడల మీద ఎర్రని సూర్యుడు, నీడల్లో నీలి ఆకాశం. ఈ రెండింటి మధ్య తేడాను నిలుపుకోవడమే ఫోటో తీసేటప్పుడూ, తరువాత దిద్దేటప్పుడూ చేయవలసిన అసలు పని అని నా అభిప్రాయం.

రాళ్లన్నీ ఈ ఎండకు ఒకేలా స్పందించవు. సుమారు 34 కోట్ల ఏళ్ల నాటి రెడ్‌వాల్ సున్నపురాయి లోపల బూడిదరంగుదే. పైపొరల నుంచి వానకు కొట్టుకొచ్చిన ఐరన్ ఆక్సైడ్ దాని ముఖాన ఎర్రగా పట్టుకుంది. దానికి పైన ఉన్న కోకోనీనో ఇసుకరాయి, 27 కోట్ల ఏళ్లకు పూర్వపు ఎడారి ఇసుకదిబ్బలు గట్టిపడగా ఏర్పడిన లేతరంగు పొర. నీరెండకు రెడ్‌వాల్ రంగు మరికాస్త ముదురుతుంది, అంతే. కోకోనీనో మాత్రం ఏ రంగు వెలుగు పడితే ఆ రంగుకు మారిపోతుంది.

దృశ్యాన్ని ఫ్రేములో కూర్చేటప్పుడు ఎదురయ్యే పెద్ద చిక్కు కొలత తెలియకపోవడం. ఒకటిన్నర కిలోమీటర్లకు మించిన లోతు, కొన్నిచోట్ల 29 కిలోమీటర్ల వెడల్పు ఉన్న ఈ లోయలో, మన కంటికి పరిమాణం తెలిసిన వస్తువు ఒక్కటీ ఉండదు. అంచున వంకర తిరిగిన జూనిపర్ చెట్టు ఒకటి ముందుభాగంలో ఉంటే ఆ లోటు తీరుతుంది. 24 మిల్లీమీటర్ల లెన్సును ఎఫ్ 11 (కాంతి వచ్చే రంధ్రాన్ని బాగా చిన్నది చేసే సెట్టింగు) వద్ద ఉంచి, ఫుల్‌ఫ్రేమ్ కెమెరాను (35 మిల్లీమీటర్ల ఫిల్మంత సెన్సర్ ఉన్నదాన్ని) సుమారు 1.75 మీటర్ల దూరానికి ఫోకస్ చేస్తే మీటరు లోపలి కొమ్మ నుంచి ఆవలి అంచు దాకా అంతా స్పష్టంగా వస్తుంది. మబ్బు లేని ఆకాశానికి ఫ్రేములో సన్నని పట్టీ చాలు.

సమయం విషయానికొస్తే, పగలూ రాత్రీ సమానమయ్యే విషువత్తుల రోజుల్లో అక్కడ సూర్యుడు గంటకు దాదాపు 12 డిగ్రీలు దిగుతాడు. అంటే చివరి మూడు డిగ్రీలకు పట్టేది పావుగంట. లోయ అడుగు నుంచి నీడ ఎగబాకుతూ గోడలను మింగేది ఆ పావుగంటలోనే కనుక ట్రైపాడ్, ఫ్రేమ్ ముందే కుదిరి ఉండాలి.

1870ల తొలినాళ్లలో అన్వేషకుడు జాన్ వెస్లీ పావెల్ కొలరాడో నది వెంట చేసిన రెండో యాత్రలో ఫోటోలు తీసిన జాన్ హిల్లర్స్ వాడిన తడి కొలోడియన్ పలకలు (తీసే ముందు రసాయనం పూసుకునే గాజు పలకలు) ప్రధానంగా నీలికాంతికీ, అతినీలలోహిత కాంతికీ మాత్రమే స్పందించేవి. అందువల్ల ఎర్రరాళ్లు అసలు కంటే నల్లగా, ఆకాశం ఉత్త తెల్లగా వచ్చేవి. నేటి సెన్సర్‌తో వచ్చే ఇబ్బంది దీనికి తలకిందులు. ఎర్రగోడ మీద ఎర్రని ఎండ పడినప్పుడు ఎరుపు చానెలే (ఎరుపు కాంతిని నమోదు చేసే భాగం) మొదట నిండిపోతుంది. కెమెరా చూపే సాధారణ హిస్టోగ్రామ్ (ఎడమన చీకటి, కుడిన వెలుగు ఎంతుందో చూపే గ్రాఫు) ఆకుపచ్చకు ఎక్కువ ప్రాధాన్యమిస్తుంది కాబట్టి అంతా సవ్యంగానే ఉన్నట్టు కనిపిస్తుంది. తీరా కంప్యూటర్ తెర మీద చూస్తే గోడలోని పగుళ్లన్నీ మాయమై, నారింజరంగు ప్లాస్టిక్ ముక్క అతికించినట్టుంటుంది. మూడు రంగుల హిస్టోగ్రామ్‌ను విడివిడిగా చూసి, ఎరుపు కుడి అంచుకు తగలకుండా ఎక్స్‌పోజర్ తగ్గించుకోవాలి. వైట్ బ్యాలెన్స్‌ను ఆటోలో వదిలితే కెమెరా ఆ ఎరుపును లోపమనుకుని సరిదిద్దబోతుంది. పగటి వెలుగు సెట్టింగులో ఉంచి, కెమెరా దిద్దని ముడి సమాచారమైన రా ఫైలుగా తీయడం మేలు.

దిద్దుబాటులో ఎక్కువమంది చేసేది రంగు ఉష్ణోగ్రత మీటను మొత్తంగా పసుపు వైపు జరపడం. దానితో గోడలు మెరుస్తాయి కానీ నీడల్లోని నీలం చచ్చిపోతుంది, ఆ నీలం పోయాక ఎరుపు కూడా చప్పబడుతుంది. గోడలను మాత్రమే ఎంచుకుని వెచ్చదనం పెంచి, నీడలను వాటి మానాన వదిలేయాలి. మసకను తొలగించే సాధనం విషయంలోనూ చేయి బిగపట్టడమే మంచిది, ఎందుకంటే దూరపు గట్లు పాలిపోయి కనబడడం వల్లే మనకు దూరం తెలుస్తోంది. రంగుల గాఢత ఎంతవరకు పెంచవచ్చో తేల్చడానికి నేను కోకోనీనో పొరనే చూస్తాను: అది కింది రెడ్‌వాల్‌తో కలిసిపోయి రెండూ ఒకే నారింజరంగుగా కనిపించడం మొదలైతే, అవి మళ్లీ విడిపోయే దాకా మీటను వెనక్కి తిప్పుతాను.