టిబెటన్ క్యాంపులు ఖాళీ అవుతున్నది డాలర్ల కోసమేనా?

2025 జులైలో దలైలామాకు 90 ఏళ్లు నిండాయి. అప్పటి నుంచి ఆయన తర్వాత ఎవరు అన్న ప్రశ్నతో పాటు ఇంకో పాత చర్చ కూడా మళ్లీ రాజుకుంది. కర్ణాటకలోని బైలకుప్పె, ముండ్‌గోడ్ టిబెటన్ శరణార్థి క్యాంపుల్లో స్కూలు పిల్లలు తగ్గిపోతున్నారు, పెద్దవాళ్లు ఒంటరిగా మిగిలిపోతున్నారు. కుర్రకారు న్యూయార్క్, టొరంటో దారి పడుతోంది. డాలర్ల మోజులో సంస్కృతిని వదిలేస్తున్నారని బయటివాళ్లు తేలిగ్గా అనేస్తున్నారు. ఈ మాట అన్యాయం.

చైనా పాలన నుంచి తప్పించుకుని 1959లో దలైలామా వెంట టిబెటన్లు భారత్‌కు వలస రావడం, వాళ్లకు మైసూరు రాష్ట్రం బైలకుప్పెలో సుమారు 3,000 ఎకరాలు ఇవ్వడం చాలామందికి తెలిసిన కథే. ఇప్పటి పరిస్థితిని అర్థం చేసుకోవాలంటే 1987 జులై 1 దగ్గర ఆగాలి. అంతకుముందు, దాదాపు ఎవరైనా సరే, భారత్‌లో పుడితే చాలు, చట్టం ప్రకారం భారత పౌరులే. ఆ రోజు నుంచి తల్లిదండ్రుల్లో ఒకరైనా భారత పౌరులై ఉండాలన్న నియమం వచ్చింది. అస్సాంలోని వలసదారుల విషయమై 1985లో కుదిరిన అస్సాం ఒప్పందం తర్వాత బంగ్లాదేశ్, శ్రీలంకల నుంచి వచ్చేవారిని దృష్టిలో పెట్టుకుని చేసిన మార్పు అది. టిబెటన్లు ఎవరి ఆలోచనలోనూ లేరు. కానీ దెబ్బ వాళ్లకూ తగిలింది.

ఆ తర్వాత ఇక్కడే పుట్టి, హిందీ, కన్నడ మాట్లాడుతూ పెరిగినా చట్టం దృష్టిలో వాళ్లు విదేశీయులే. శరణార్థులన్న గుర్తింపు కూడా చట్టంలో లేదు. చేతిలో ఉండేది ఆర్‌సీ అనే రిజిస్ట్రేషన్ కాగితం. గడువు తీరే ప్రతిసారీ దాన్ని రెన్యూవల్ చేయించుకోవాలి. విదేశాలకు వెళ్లాలంటే పాస్‌పోర్టు బదులు 'ఎల్లో బుక్' అనే ఐసీ (ఐడెంటిటీ సర్టిఫికెట్). దాన్ని చూసి ఇదేమిటని అడిగే ఎయిర్‌పోర్టు అధికారి ముందు నిలబడటం ఎంత టెన్షనో ఆలోచించండి. క్యాంపు భూమి లీజుదే తప్ప సొంతం కాదు. సర్కారు కొలువులకు దారి దాదాపు మూసుకుపోయినట్టే.

అమెరికా 1990 చట్టం ద్వారా భారత్, నేపాల్‌లలోని టిబెటన్లకు 1,000 వీసాలు ఇచ్చింది. వెళ్లినవాళ్ల వెనుక కుటుంబాలూ కదిలాయి. అక్కడ కొన్నేళ్లకు చేతికి పాస్‌పోర్టు వస్తుంది. ఇక్కడ మూడు తరాలు గడిచినా ఆర్‌సీయే. ఇక టిబెట్ నుంచి ఏటా వేలల్లో వచ్చేవాళ్లు అక్కడ చైనాకు వ్యతిరేకంగా జరిగిన 2008 నిరసనల తర్వాత సరిహద్దులో నిఘా బిగియడంతో బాగా తగ్గిపోయారు. వెళ్లినవాళ్ల చోటు నింపేవాళ్లు లేరు.

మన దగ్గరా వీళ్లను చూసే తీరు పెద్దగా వేరు కాదు. 2006 జనవరిలో అమరావతిలో దలైలామా నడిపిన కాలచక్ర అనే బౌద్ధ క్రతువుకు వచ్చిన ఎర్ర వస్త్రాల భిక్షువులను చూసి చేతులెత్తి మొక్కాం. చలికాలంలో విజయవాడ, విశాఖ ఫుట్‌పాత్‌ల మీద స్వెట్టర్లు అమ్మేవాళ్లు కూడా ఆ టిబెటన్లే. ఆ స్వెట్టర్లను వాళ్లే అల్లారనుకుంటాం గానీ, చాలావరకు లూథియానాలో అప్పు మీద తెచ్చిన సరుకే. మిగిలిపోతే నష్టం వాళ్లదే. భిక్షువుగానో, స్వెట్టర్ల వాళ్లుగానో తప్ప, బ్యాంకు లోను, ఉద్యోగం, సొంతిల్లు కావాల్సిన మామూలు మనుషులుగా వాళ్లు మన కంటికి ఆనరు.

1986లో హిమాచల్‌ప్రదేశ్‌లోని కాంగ్రాలో పుట్టిన టిబెటన్ నమ్‌గ్యాల్ డోల్కర్ కోర్టుకెక్కితే, ఆమె పుట్టుకతోనే భారత పౌరురాలని 2010 డిసెంబరులో ఢిల్లీ హైకోర్టు తేల్చింది. ఇక్కడి పౌరసత్వం తీసుకుంటే టిబెట్‌కు తిరిగి వెళ్లాలన్న ఆశయం పలచబడుతుందని ప్రవాస టిబెటన్లలో కొందరు పెద్దల భయం. అది కొట్టిపారేసేది కాదు. కానీ ఆ డోల్కరే తర్వాత టిబెటన్ల ప్రవాస పార్లమెంటుకు సభ్యురాలిగా ఎన్నికయ్యారు.

2017లో విదేశాంగ శాఖ 1987 జులైకి ముందు ఇక్కడ పుట్టినవాళ్లకు పాస్‌పోర్టులిస్తామంటూనే షరతులు పెట్టింది. ఆర్‌సీ, ఐసీ అప్పగించాలి, టిబెటన్ల ప్రవాస సర్కారు సాయం వదులుకోవాలి, క్యాంపులో ఉండకూడదు. అంటే బైలకుప్పెలో పుట్టిన మనిషి భారత పాస్‌పోర్టు తీసుకోవాలంటే ముందు బైలకుప్పెలోని అమ్మ ఇల్లు ఖాళీ చేయాలి.