కుక్క తినడం లేదా? నెల్లూరులో రోజూ వినే అపోహలు, అసలు వాస్తవాలు

"సార్, వీడికి మహా మారాం. ఏం పెట్టినా వాసన చూసి అవతలికి పోతాడు." పశువుల డాక్టరుగా నేను ఎక్కువగా వినే మాట ఇదే. ఈ మాట విన్న ప్రతిసారీ నాకు తేలాల్సినవి మూడు. కుక్కకు తినాలని లేదా? తినాలని ఉన్నా తినలేకపోతోందా? తింటున్నా ఒంటికి పట్టడం లేదా? మూడింటికీ వైద్యం వేరు. అది తేలకుండా ట్రంకు రోడ్డులో ఉన్న మందుల షాపులన్నీ తిరిగి సీసాలు మార్చినా డబ్బులు దండగే.

అపోహ: పక్కటెముకలు కనబడుతున్నాయంటే తిండి చాలడం లేదన్నట్టే.

అన్నిసార్లూ కాదు. చిప్పిపారై, కారవాన్ లాంటి వేట కుక్కలకు, ఆ పోలికలున్న నాటు కుక్కలకు చివరి రెండు మూడు ఎముకలు పైకి కనబడటం మామూలే. బొచ్చు ఎక్కువున్న కుక్క అయితే చిక్కిపోయినా పైకి తెలియదు. అందుకే కంటితో కాకుండా చేత్తో చూడమంటాను. మీ అరచెయ్యి చాపి వెనకవైపు వేళ్ళతో రాసుకోండి, ఎముకలు సన్నగా తగులుతాయి కదా, కుక్క పక్కటెముకలు అలా తగిలితే బరువు సరిపోయినట్టే. పిడికిలి బిగించినప్పుడు కణుపులు ఎలా పొడుచుకొస్తాయో అలా తగిలితే మాత్రం చిక్కింది. వెన్నుపూస, తుంటి ఎముకలు కూడా అలాగే పైకి లేచి ఉంటే ఇంట్లో కూర్చుని ఆలోచించే పని కాదు, తీసుకురండి. బరువు చూడటానికి ప్రత్యేకంగా మిషన్ అక్కర్లేదు. కుక్కను ఎత్తుకుని ఒకసారి, మీరొక్కరే ఒకసారి తూకం ఎక్కి తేడా చూసుకుంటే చాలు, వారానికోసారి రాసి పెట్టుకోండి.

అపోహ: పొగరు. రెండు రోజులు కడుపు మాడిస్తే అదే దారికొస్తుంది.

ఒళ్ళున్న, ఆరోగ్యంగా తిరిగే పెద్ద కుక్క విషయంలో ఇందులో కొంత నిజం ఉంది, రెండు రోజులు మాడించడం మాత్రం కాదు. గిన్నె పెట్టి పావుగంట, ఇరవై నిమిషాలు చూసి తీసేసి మళ్ళీ వేళకు పెడితే చాలా కుక్కలు దారికొస్తాయి. కానీ ముందే చిక్కిన కుక్కను మాడించడమేంటండీ?

మన ఎండలకు, ఉక్కకు పిడుదులు ఏడాది పొడుగునా ఉంటాయి. వాటితో వచ్చే ఎర్లీకియా, బబీసియా జ్వరాల్లో మీకు మొదట కనబడేది తిండి మానెయ్యడమే. దాన్ని మారాం అనుకుని ఇంట్లో వాళ్ళు బతిమాలుతుంటే లోపల రక్తం తగ్గిపోతుంటుంది. పై పెదవి ఎత్తి చిగురు చూడండి, గులాబీ రంగులో ఉండాలి, పాలిపోయి తెల్లగా ఉంటే ఆ రోజే రండి. వేళ్ళ సందుల్లో, చెవి మడతల్లో పిడుదులున్నాయేమో వెతకండి. ముక్కు తడిగా ఉంది కాబట్టి జ్వరం లేదనుకోవద్దు, అది మరో అపోహ. థర్మామీటర్ పెడితేనే తెలుస్తుంది, కుక్కకు 102.5 ఫారెన్‌హీట్ వరకు మామూలే. ఎర్లీకియా అని తేలితే డాక్సీసైక్లిన్ అనే యాంటీబయాటిక్ మాత్ర నాలుగు వారాలు వాడాలి. నాలుగైదు రోజులకే హుషారు వచ్చేస్తుంది, అక్కడ మానేస్తారు, మళ్ళీ మొదటికొస్తుంది. ఇంకో సంగతి, ఆ మాత్ర పరగడుపున వేస్తే వాంతి అవుతుంది. దాంతో ఉన్న కాస్త తిండీ పోతుంది.

నోరు కూడా చూడాలి. గిన్నె దాకా ఆశగా వచ్చి, ముక్క నోట్లోకి తీసుకుని, తల ఒక పక్కకు వంచి, కింద పడేసే కుక్కకు ఆకలి ఉంది, నోట్లో నొప్పి ఉంది. కదిలే పన్నో, అంగిట్లో పైపళ్ళ మధ్య అడ్డంగా ఇరుక్కున్న ఎముక ముక్కో బయటపడుతుంది. అంగిట్లో ఎముకతో తిరిగే కుక్కను మారాం అని తిట్టడం అన్యాయం.

అపోహ: పెరుగన్నం చలవ, అది తింటోంది కదా, చాలు.

లెక్క వేద్దాం. 15 కిలోల కుక్కకు రోజుకు సుమారు 850 నుంచి 950 కిలో క్యాలరీలు కావాలి. వండిన అన్నం పావు కిలో, పెరుగు పెద్ద కప్పు, అంటే 200 గ్రాములు కలిపితే వచ్చేది 450 లోపే. సగం! ప్రొటీన్ సంగతీ అంతే. కడుపు నిండుతుంది, ఒళ్ళు రాదు. దాన్ని నేను మానమనను, అదొక్కటే పెట్టొద్దంటాను. ఉడకబెట్టిన గుడ్డు ఒకటి దాదాపు 70 కిలో క్యాలరీలు, ఉప్పూ కారం లేకుండా ఉడికించిన చికెన్ 100 గ్రాములు 165 దాకా, చెంచా నూనె 40 పైన. ఇవి కలిపితే గిన్నె పరిమాణం పెద్దగా పెరగకుండానే బలం పెరుగుతుంది. అలాగని ఒక్కసారిగా నెయ్యి గుమ్మరించొద్దు, క్లోమానికి (ప్యాంక్రియాస్‌కు) వాపు వస్తే ప్రాణం మీదకొస్తుంది. మెల్లగా, కొన్ని రోజులకోసారి కొంచెం కొంచెం పెంచండి. ఎదిగే కుక్కపిల్లకు ఉత్త చికెన్, అన్నం నెలల తరబడి పెడితే కాల్షియం చాలక కాళ్ళు వంకర పోతాయి, దానికి మోతాదు డాక్టర్‌తో రాయించుకోండి. ప్యాకెట్ తిండి తినకపోతే గోరువెచ్చని నీళ్ళు చల్లి ఐదు నిమిషాలు ఆగి పెట్టండి. వాసన లేస్తే ముట్టని కుక్క కూడా ముడుతుంది.

అపోహ: చేపల పులుసు కలిపితే లొట్టలేసుకుని తింటుంది, అదే బలం.

మన ఊళ్ళో ఈ మాట కాదంటే కొడతారేమో! మర్నాటి పులుసు రుచి నాకూ తెలుసు. కానీ కుక్క కోసం చూస్తే అందులో మూడు తంటాలున్నాయి. ఉల్లి, వెల్లుల్లి కుక్క ఎర్రరక్తకణాలను దెబ్బతీస్తాయి, ఉడికించినా ఆ గుణం పోదు. ముళ్ళు గొంతులో, పేగుల్లో గుచ్చుకుంటాయి. మూడోది చాలామందికి తెలియదు, చింతపండు. ద్రాక్ష కుక్కల కిడ్నీలను ఎందుకు దెబ్బతీస్తుందో చాలా ఏళ్ళు అంతుపట్టలేదు. 2022లో వెటర్నరీ డాక్టర్లు ప్రచురించిన కేసుల్లో చింతపండు తిన్న కుక్కలకూ కిడ్నీలు పాడయ్యాయి. రెంటిలోనూ ఉండే టార్టారిక్ యాసిడ్ మీదే ఇప్పుడు అనుమానం. కాబట్టి చేప పెట్టాలనుంటే, పులుసులో వెయ్యకముందే రెండు ముక్కలు పక్కన పెట్టి, ఉత్త నీళ్ళలో ఉడికించి, ముళ్ళు తీసి పెట్టండి. పచ్చిది మాత్రం వద్దు. రొయ్యల గుంటల దగ్గర కాపలా కుక్కలకు తలకాయలు, తొక్కలు పడేసి అదే భోజనం అనుకునేవాళ్ళకూ చెబుతున్నాను, అందులో కండ పట్టేది తక్కువ.

అపోహ: పురుగుల మందు చిన్నప్పుడే వేయించాం.

ఒకసారితో అయిపోదు. పెద్ద కుక్కకు మూడు నెలలకోసారి, పిల్లలకు ఇంకా తరచుగా. పేగుల్లో కొంకి పురుగు (హుక్‌వార్మ్) రక్తం పీలుస్తుంటే ఎంత పెట్టినా లాభం లేదు.

అపోహ: బాగా తింటోంది, ఒళ్ళు రాకపోవడం జాతి లక్షణం.

జర్మన్ షెపర్డ్ ఉన్నవాళ్ళు ఇది చదవండి. గిన్నెలు గిన్నెలు తిని, జిడ్డుగా, పాలిపోయిన రంగులో కుప్పలుగా విసర్జించి, ఇంకా బక్కగానే ఉంటే క్లోమం జీర్ణరసాలు చెయ్యడం లేదేమో చూడాలి. ఎంజైమ్ పొడి ప్రతి పూటా తిండిలో కలపాల్సి వస్తుంది, జీవితాంతం.

అపోహ: లివర్ టానిక్ పోస్తే ఆకలి పుడుతుంది.

ఆకలి పుట్టించే మందులు నిజంగానే ఉన్నాయి, కారణం తెలిశాక అవసరమైతే మేమే రాస్తాం. షాపులో అడిగి తెచ్చి పోసే సీసా వల్ల ఎక్కువగా జరిగేది ఒకటే, అసలు జబ్బుకు ఇంకో వారం దొరుకుతుంది.

ఇక అన్నీ బాగుండి కూడా తినని కుక్కలుంటాయి. ఆ ఇంట్లో నేను అడిగేది బిస్కెట్ల లెక్క. అబ్బయ్య స్కూలు నుంచి వచ్చి రెండు పెడతాడు, తాతయ్య టీలో ముంచి ఒకటి, పక్కింటి అక్క గోడ మీద నుంచి ఒకటి. చిరుతిండి రోజు తిండిలో పదో వంతు దాటకూడదు. ఇక ఎండాకాలంలో మిట్టమధ్యాహ్నం గిన్నె పెట్టి తినడం లేదనడం మన తప్పే. తెల్లవారుజామున ఒకసారి, పొద్దు గూకాక ఒకసారి పెట్టండి, మిగిలింది పులవకముందే తీసెయ్యండి.

ఆగకూడని సందర్భాలు చెబుతాను. చిన్న కుక్కపిల్ల ఒక పూట తిండి పూర్తిగా మానేసి నీరసంగా పడుంటే, అందులోనూ వాంతులో రక్త విరేచనాలో తోడైతే, రేపటిదాకా చూడొద్దు. పెద్ద కుక్క 24 గంటలు ఏమీ ముట్టకపోయినా అంతే. ఆపరేషన్ చేయించని ఆడకుక్క, ఎదకొచ్చి ఒకటి రెండు నెలలయ్యాక, తిండి మానేసి నీళ్ళు మాత్రం తెగ తాగుతుంటే గర్భసంచిలో చీము పట్టి ఉండొచ్చు, వెనకాల ఏమీ కారకపోయినా సరే. ఫోన్ చేసి మందు పేరు అడగొద్దు, ఆటో ఎక్కించండి.