“ప్రైస్ ప్లీజ్?” – ఆన్‌లైన్‌లో ధర దాచడంపై అపోహలు, వాస్తవాలు

చేనేత చీరలు, నగలు అమ్మే చిన్న వ్యాపారులకు వెబ్‌సైట్లు కట్టడం, వాటిలో సరుకు ఫొటోలు, వివరాలు ఎక్కించడం నా పని. కొత్తగా వచ్చే వ్యాపారితో మొదటి చర్చ ధర గురించే. “రేటు పెట్టొద్దండీ, ఇన్‌బాక్స్ చేయమని రాయండి” అంటారు. కొనేవాళ్లేమో “రేటు పెట్టలేదంటే ఏదో మోసం ఉన్నట్టే” అంటారు. రెండు మాటలూ పూర్తిగా నిజం కావు. ధర ఎందుకు దాచారో తెలిస్తే ఎక్కడ అడిగి కొనొచ్చో, ఎక్కడ వదిలేయాలో తేల్చుకోవచ్చు.

అపోహ: ధర పెట్టలేదంటే మోసం చేయడానికే.

వాస్తవం: చీరల్లో ఎక్కువసార్లు అసలు కారణం రీసెల్లర్లు. హోల్‌సేల్ వ్యాపారి ఫొటో మీద కోడ్ నంబరు మాత్రం వేసి వాట్సాప్ గ్రూపులో పెడతాడు. ఆ కోడ్‌కి ధర ఎంతో రీసెల్లర్లకు విడిగా పంపుతాడు. ఇంటి నుంచి అమ్ముకునే ఆడవాళ్లు అదే ఫొటో తీసుకుని, తమ లాభం రెండొందలో నాలుగొందలో కలుపుకుని చుట్టాలకీ అపార్ట్‌మెంట్ గ్రూపులకీ పంపుతారు. హోల్‌సేలర్ తన పేజీలో ధర బయటపెట్టాడంటే వాళ్ల బేరం ఆ పూటే పోతుంది. ఒకే చీర, ఒకే ఫొటో, మూడు పేజీల్లో మూడు ధరలు కనిపించడానికి కారణం ఇదే. నా దృష్టిలో ఇందులో తప్పు లేదు. ఆ లాభంతో ఇల్లు నడుపుకునే వాళ్లు చాలామంది ఉన్నారు.

రెండో కారణం పోలిక భయం. పోచంపల్లి పట్టుచీర ఫొటో కింద ధర వేయగానే “ఇదే డిజైన్ ఫలానా చోట పదిహేను వందలే” అని కామెంట్ వస్తుంది. ఆ పదిహేను వందల చీర మిల్లు బట్ట మీద ఇక్కత్ డిజైన్ ప్రింట్ వేసింది. ఫొటోలో రెండూ ఒకేలా కనిపిస్తాయి. చేతిలోకి తీసుకుంటే వేరు. దారాన్ని అక్కడక్కడ బిగించి కట్టి (దీన్నే చిటికి కట్టడం అంటారు), ఆ దారానికే రంగులు అద్ది, తర్వాత నేస్తారు కాబట్టి అసలు ఇక్కత్‌లో డిజైన్ రెండు వైపులా ఉంటుంది, బొమ్మల అంచులు కాస్త చెదిరినట్టుంటాయి. ప్రింట్‌లో వెనక వైపు సాధారణంగా వెలిసినట్టుంటుంది, గీతలు కత్తిరించినట్టు నిక్కచ్చిగా ఉంటాయి.

నేతగాడి కష్టం అలాంటి ప్రింట్ పక్కన పడి చౌకైపోతుందన్న వ్యాపారి బాధ నాకు అర్థమవుతుంది. కానీ ధర దాచితే ఆ బాధ తీరదు. చీర వెనక వైపు ఫొటో ఒకటి పెట్టి, పట్టు ఏదో, జరీ ఏదో రాసి, సిల్క్ మార్క్ (అసలు పట్టేనని చెప్పే ముద్ర) ఉంటే చూపించి, పక్కనే ధర వేయమని నేను పట్టుబడతాను. ఏం కొంటున్నారో కళ్లకు కనిపిస్తే ఎక్కువ ధరకి వాళ్లే ఒప్పుకుంటారు.

అపోహ: ధర దాస్తే ఎంక్వైరీలు పెరుగుతాయి, అమ్మకాలూ పెరుగుతాయి.

వాస్తవం: ఎంక్వైరీలు పెరిగేది నిజమే. “ప్రైస్ ప్లీజ్”, “చెక్ ఇన్‌బాక్స్ మేడమ్” అని కామెంట్ల వరస కనిపిస్తుంది, పేజీ కళకళలాడుతుంది. ధర చెప్పాక “ఓకే, ఇంట్లో అడిగి చెప్తానండీ” అని వెళ్లిపోయేవాళ్లే ఎక్కువ. రాత్రి పదకొండింటిదాకా అందరికీ అదే జవాబు టైప్ చేసే టెన్షన్ వ్యాపారిదే. అడగడానికి మొహమాటపడి నిశ్శబ్దంగా వెళ్లిపోయేవాళ్లు ఏ లెక్కలోకీ రారు. ఇక పోటీవాళ్లకు తెలియకూడదనే వాదన నిలవదు. వాళ్లూ కస్టమర్‌లా అడిగేసి తెలుసుకుంటారు.

అపోహ: ఇన్‌బాక్స్‌లో మనిషిని చూసి ధర చెబుతారు.

వాస్తవం: అందరూ కాదు, కొందరు చేస్తారు. ప్రొఫైల్‌లో డల్లాస్ అని కనిపిస్తే ధర పెంచే పేజీలున్నాయి. విదేశాలకు కొరియర్ ఖర్చు నిజంగానే ఎక్కువ, కానీ దాన్ని విడిగా చూపించాలి, చీర ధరలో కలిపేయకూడదు. అనుమానమొస్తే ఊళ్లో ఉన్న అమ్మనో చెల్లినో అదే కోడ్ పంపి అడగమనండి.

అపోహ: బంగారం రేటు రోజూ మారుతుంది కాబట్టి నగల ధర సైట్‌లో పెట్టడం కుదరదు.

వాస్తవం: కుదురుతుంది. ఆ రోజు రేటు ఒక్కచోట మార్చితే అన్ని నగల ధరలూ వాటంతటవే మారేలా సైట్ కట్టొచ్చు. పెద్ద నగల సైట్లు అలాగే చూపిస్తున్నాయి. చాలాసార్లు దాచేది బంగారం రేటు కాదు, తరుగు శాతం, అంటే నగ చేసేటప్పుడు పోయే బంగారం పేరుతో బరువు మీద అదనంగా వేసేది. షాపుల్లో వీఏ అనేది ఇదే. 10 గ్రాముల గొలుసుకి ఒకరు 8 శాతం, ఇంకొకరు 18 శాతం తరుగు వేశారనుకోండి, తేడా సరిగ్గా ఒక గ్రాము బంగారం. దాని మీద మళ్లీ 3 శాతం జీఎస్టీ. కాబట్టి “మొత్తం ఎంత” అని మాత్రమే అడిగి ఊరుకోవద్దు. నికర బరువు, తరుగు, రాళ్ల ధర విడివిడిగా రాసి పంపమనండి.

అపోహ: అమెరికా సైట్లలో “ధర కార్ట్‌లో చూడండి” అనడం కూడా ఇలాంటిదే.

వాస్తవం: కాదు. అక్కడ కంపెనీలు “ఈ ధరకంటే తక్కువ అని ప్రకటించకూడదు” అని డీలర్లకు షరతు పెడతాయి. అది చాలావరకు ప్రకటనకే, అమ్మకానికి కాదు. కార్ట్‌లో చూపించేది ప్రకటన కిందికి రాదన్న లెక్కతో, అంతకన్నా తక్కువకి ఇచ్చే డీలరు ధరను అక్కడ పెడతాడు. అంటే అక్కడ దాచిన ధర తరచూ తక్కువ ధర. మన దగ్గర డీలర్ల డిస్కౌంట్లకు కళ్లెం వేయడాన్ని వ్యాపారాల్లో పోటీ దెబ్బతినకుండా చూసే కాంపిటీషన్ కమిషన్ తీవ్రంగా చూస్తుంది. ఈ కారణంతోనే 2021లో మారుతి సుజుకికి 200 కోట్ల రూపాయల జరిమానా వేసింది. కంపెనీ అప్పీలుకు వెళ్లింది.

అపోహ: ధర పెట్టాలా వద్దా అన్నది వ్యాపారి ఇష్టం.

వాస్తవం: దుకాణదారులకు టోకున అమ్మేటప్పుడు చాలావరకు అంతే. ఎన్ని పీసులు, ఎంత దూరం, అప్పా నగదా అన్నదాన్ని బట్టి ధర మారుతుంది. ఆర్డర్ మీద నేయించే చీరకీ ముందే ఒక అంకె వేయలేరు. కానీ తయారుగా ఉన్న వస్తువును వెబ్‌సైట్‌లో నేరుగా వినియోగదారుడికి అమ్మితే చట్టం ఉంది. 2020 జులైలో వచ్చిన ఈ-కామర్స్ నియమాల ప్రకారం పన్నులు, డెలివరీ కలిపి మొత్తం ధరను ఒకే సంఖ్యగా చూపాలి, అందులో దేనికెంతో విడివిడిగానూ చెప్పాలి. ప్యాకేజీ వస్తువులకు ఎమ్మార్పీని సైట్‌లో చూపడం 2018 జనవరి 1 నుంచే తప్పనిసరి. ఒక ధర చూపించి, చివర్లో ఛార్జీలు ఒక్కొక్కటీ కలుపుకుంటూ పోవడాన్ని 2023 నవంబరు మార్గదర్శకాలు డార్క్ ప్యాటర్న్‌ల (కొనేవాళ్లను తప్పుదారి పట్టించే ఎత్తుగడల) జాబితాలో చేర్చాయి.

ఇన్‌బాక్స్‌లో అడగక తప్పకపోతే ఇలా రాయండి: “కోడ్ ఫలానా. జీఎస్టీ, కొరియర్ కలిపి మొత్తం ఎంత? డ్యామేజీ వస్తే వెనక్కి తీసుకుంటారా?” జవాబు ఫోన్లో కాకుండా రాతలో తీసుకుని స్క్రీన్‌షాట్ ఉంచుకోండి. డబ్బు కట్టాక ధర మార్చితే జాతీయ వినియోగదారుల హెల్ప్‌లైన్ 1915కి ఫోన్ చేయండి. ఫిర్యాదుకి ఆ స్క్రీన్‌షాటే మీ ఆధారం.