ఎలిజబెత్ రాణి అమ్మకు అమ్మమ్మ: లూయిసా గురించి అపోహలు, వాస్తవాలు

వంశవృక్షాలు వెతికి రాయడం నా పని. రెండో ఎలిజబెత్ రాణి పూర్వీకుల్లో నన్ను ఎక్కువమంది అడిగేది కరోలిన్ లూయిసా బర్నబీ గురించి. 1832లో పుట్టిన ఈమె లీసెస్టర్‌షైర్‌లోని బాగ్రేవ్ హాల్ భూస్వాముల ఆడపడుచు. రాణి అమ్మమ్మ సిసీలియాను కన్నతల్లి.

అపోహ: ఈ వైపు నుంచి రాణికి రోమానీ సంచార జాతి రక్తం వచ్చింది.

వాస్తవం: రాలేదు. లూయిసా భర్త, చర్చి ఫాదర్ చార్లెస్ కావెండిష్-బెంటింక్‌కు ఇది రెండో పెళ్లి. 1839లో ఆయన సినెట్టా లాంబోర్న్‌ను చేసుకున్నాడు. ఆమె తల్లి రోమానీ స్త్రీ. సినెట్టా 1850లో చనిపోయింది. లూయిసాతో పెళ్లి 1859లో, సిసీలియా పుట్టింది 1862లో. అంటే సినెట్టా పోయిన పన్నెండేళ్లకు. సినెట్టా కొడుకుల తర్వాత ఆ శాఖ కొనసాగలేదు.

తండ్రి పేరు దొరకగానే ఆగిపోతే ఈ తప్పు జరుగుతుంది. ఏ భార్య బిడ్డ అన్నది చూసి తీరాలి. ఇంకో చిక్కు కూడా ఉంది. 1864లో లూయిసాకు పుట్టిన కవలల్లో ఒక అమ్మాయికి హయసింత్ సినెట్టా అని పేరు పెట్టారు. పోయిన పెద్ద భార్య పేరు రెండో భార్య కూతురికి! ఆ పేరు చూసినప్పుడల్లా నాకు మనసు కదులుతుంది. రోమానీ బంధుత్వం ఉంటే గర్వంగా చెప్పుకోవచ్చు. కానీ సినెట్టాను లేని మనవరాళ్లకు ముడిపెడితే ఆమె అసలు జీవితం మరుగున పడుతుంది.

అపోహ: డ్యూకుల ఇంటి కోడలు, ఏ కష్టమూ తెలియదు.

వాస్తవం: చార్లెస్ పోర్ట్‌లాండ్ మూడో డ్యూకు మనవడే, కానీ బెడ్‌ఫర్డ్‌షైర్‌లోని రిడ్జ్‌మంట్ ఊరి చర్చిలో పనిచేసేవాడు. 1865లో చనిపోయాడు. అప్పటికి లూయిసాకు 32 ఏళ్లు, ముగ్గురు ఆడపిల్లలు, పెద్దదానికి ఇంకా మూడేళ్లు నిండలేదు. డ్యూకు బిరుదు మగ సంతానానికే దక్కుతుంది. 1879లో ఐదో డ్యూకు పిల్లల్లేకుండా పోతే, అది చార్లెస్ తమ్ముడి కొడుక్కి వెళ్లింది. లూయిసాకు ఒక్క కొడుకు ఉన్నా అతనే ఆరో డ్యూకు అయ్యేవాడు. 1870లో హ్యారీ స్కాట్‌ను మళ్లీ పెళ్లి చేసుకుంది. 1889లో ఆయనా పోయాడు.

అపోహ: ఈ కుటుంబానికీ మనకూ ఏ సంబంధమూ లేదు.

వాస్తవం: ఇక్కడ ఇంగ్లిష్‌లో రాసిన వరసలతో నాకు పెద్ద ఇబ్బంది. పెదనాన్నైనా మేనమామైనా వాళ్లకు అంకులే. అందుకే ప్రతి పేరు పక్కన తెలుగు వరస రాసుకుంటాను. అలా రాస్తే చార్లెస్ పెదనాన్న ఎవరో కాదు, 1829లో సతీ సహగమనాన్ని నిషేధించిన విలియం బెంటింక్. అంతకుముందు 1803 నుంచి 1807 దాకా మద్రాసు గవర్నర్. ఇక చార్లెస్‌కు అమ్మవైపు తాత, గవర్నర్ జనరల్ రిచర్డ్ వెల్లస్లీ. సైన్య సహకార ఒప్పందంతో 1798లో నిజాంను కట్టిపడేసింది, 1800లో దత్తమండలాలు, అంటే నేటి రాయలసీమలో చాలా భాగం, బళ్లారి ప్రాంతం, కంపెనీ చేతికి వచ్చేలా చేసిందీ ఆయన హయాంలోనే. వెల్లస్లీ పెళ్లికి ముందే హయసింత్ అనే ఫ్రెంచి వనితతో కన్న కూతురు చార్లెస్ తల్లి. కవలల్లో ఆ అమ్మాయి మొదటి పేరు అక్కడిదే.

అపోహ: మనవరాలు రాణి కావడం చూసి కన్నుమూసింది.

వాస్తవం: సిసీలియా కూతురు, అంటే రెండో ఎలిజబెత్ తల్లి ఎలిజబెత్ బోస్-లయన్, రాజకుమారుణ్ణి పెళ్లాడింది 1923లో, మహారాణి అయింది 1936లో. లూయిసా 1918 జులైలో డెవన్‌లోని డాలిష్‌లో కన్నుమూసింది. ఆమెకు తెలిసిన ఎలిజబెత్ పదిహేడేళ్ల, పెళ్లికాని మనవరాలు మాత్రమే.